తొందరపడవలసిన వేళ, ఓపిక పట్టవలసిన వేళ

పత్రికలలో వచ్చే గృహవైద్యపు చిట్కాలను కత్తిరించి దాచుకునే గృహిణులలో నేనొకతెను. మా వంటింట్లో శొంఠి, పిప్పళ్లు, వాము, కరక్కాయ నిండుకున్న రోజు లేదు. చిన్నాచితకా రుగ్మతలకు వైద్యుని గడప తొక్కకుండానే ముప్పయి అయిదేళ్ల సంసారం నెట్టుకొచ్చానన్న గర్వం కూడా నాకు ఉండేది. ఆ గర్వమే ఒకనాటి ఉదయం మా ఇంటికి చేటు తెచ్చింది. మరొక ఇల్లాలికి ఉపకరిస్తుందన్న ఆశతో జరిగినది దాచకుండా రాస్తున్నాను.

2019 కార్తీక మాసం. మా ఇల్లు అమీర్‌పేట నుంచి బల్కంపేటకు పోయే దారిలో. మావారు బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకొని అప్పటికి మూడేళ్లు. రక్తపోటు ఉన్నదని తెలుసు. మాత్రలు మాత్రం గుర్తుకు వచ్చిననాడే వేసుకునేవారు. ఆ రోజు ఉదయం ఆరు గంటలకు పాల ప్యాకెట్ అందుకోబోయి జారవిడిచారు. "ఏమండీ, ఏమైంది?" అని అడిగితే ఏదో అన్నారు గాని, మాట ముద్దగా వచ్చింది. మూతి ఎడమవైపు లాగినట్లున్నది. కుడిచేయి వేలాడిపోయింది.

నేను చేసినదేమిటి? పైత్యం చేసిందనుకొని అల్లం రసంలో తేనె కలిపి నోట పోశాను. సగం పెదవి కొస నుంచి కారిపోయింది. మిగిలిన సగానికి పొలమారింది. పక్కింటి పెద్దావిడ వెల్లుల్లి వేసి కాచిన నూనె అరికాళ్లకు మర్దించింది. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని ఆమె అన్నది, నేను నమ్మాను. పది దాటిన తరువాత కూకట్‌పల్లి నుంచి మా అమ్మాయి ఫోను చేసి, సంగతి విని, "అమ్మా, 108కి చెప్పావా?" అని కేక పెట్టింది. హైదరాబాదులో ఆ సేవ 2005 నుంచి ఉన్నది. ఆ అంకె నాకు తెలియక కాదు, రోడ్డు ప్రమాదాలకే పిలవాలనుకునేదానిని. పంజగుట్టలోని నిమ్స్‌కు చేరేసరికి పదకొండు.

మా ఇంటి నుంచి అక్కడికి రెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ దారికి మాకు అయిదు గంటలు పట్టింది.

అక్కడ ప్రతి వైద్యుడూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు?" పక్షవాతం ఎక్కువమందిలో మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉన్నది; దానిని నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. పెద్ద నాళం మూసుకుపోయినవారిలో కొందరికి గొట్టం ద్వారా గడ్డను తీయడం 24 గంటల వరకు సాధ్యమవుతుందట. మావారిది ఆ కోవలోనిది కాదు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని ఒక అంచనా. నేను అల్లం దంచుతూ గడిపిన నిమిషాలను ఇప్పటికీ లెక్క వేస్తూ ఉంటాను.

కాబట్టి మూతి వంకర పోయినా, చేయి పైకెత్తలేకపోయినా, మాట ముద్దయినా గడియారం చూసి వేళ గుర్తుపెట్టుకొని వెంటనే బయలుదేరండి. నోట్లో నీళ్లు గాని, కషాయం గాని, మాత్ర గాని వేయకండి. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తులలోకి పోతుంది.

పన్నెండు రోజులకు ఇంటికి వచ్చారు. కుడి కాలిలో కొంచెం పట్టు, చేతిలో అదీ లేదు. మాట అసలే లేదు. అసలైన వైద్యం ఇంటిలో అప్పుడు మొదలైంది. నా శొంఠికొమ్ములకు, తైలాలకు కూడా వేళ అదేనని తరువాత గ్రహించాను.

నీళ్లవంటి పలుచని పదార్థాలకే ఎక్కువ పొలమారేది. అందుచేత నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించమని, చిక్కని రాగి జావ, పెసరకట్టుతో మెత్తగా కలిపిన అన్నం చిన్న చెంచాతో పెట్టేదానిని. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. చచ్చుబడిన చేతిని పట్టుకొని పైకి లాగితే భుజం కీలు జారుతుందని ఫిజియోథెరపిస్టు హెచ్చరించాడు. చూడవచ్చిన బంధువులందరూ మాత్రం ఆ చేతినే పట్టి ఊపేవారు!

ఒక ఆయుర్వేద వైద్యుని సంప్రదించాము. ఆయన ముందుగా అడిగినది నిమ్స్ మందుల చీటీ. రక్తపోటు మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఒక్కపూట కూడా మానరాదన్నారు. చరకసంహిత పక్షాఘాతానికి స్నేహ స్వేదాలతో పాటు విరేచనం కూడా చెప్పినప్పటికీ, అది ఇంటిలో సొంతంగా చేసుకునేది కాదని మందలించారు. కూరలో పడే వెల్లుల్లి వేరు, పరగడుపున ముద్దగా మింగే వెల్లుల్లి వేరు. రెండవది ఆ మాత్రతో కలిస్తే రక్తస్రావానికి దారి తీయవచ్చు. దగ్గుకు మనం చప్పరించే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటును పెంచుతుంది. అది నా డబ్బాలో పావుకిలో ఉన్నది!

మహానారాయణ తైలం గోరువెచ్చగా చేసి, నెమ్మదిగా మర్దించి, ఆపైన వ్యాయామం చేయించడం మా దినచర్య అయింది. నూనె చచ్చిన నరాన్ని బతికించిందని నేను చెప్పను. బిగిసిన కండరం వదులై వ్యాయామం సులువయ్యేది. ఆ అరగంట నా చేయి ఆయన చేతి మీద ఉండేది. ఒకనాడు కాపడం పెడదామని వేడినీళ్ల సంచి ఆ చేతి మీద ఉంచి మరచాను. స్పర్శ లేని చేయి, కాలినా తెలియదు. బొబ్బలు తేలాయి. నాటి నుంచి ఏ వేడి అయినా ముందు నా మోచేతికి తగిలించి చూసుకునేదానిని.

మాట సంగతి మరీ కష్టం. గొంతు పోయిన తరువాత దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కాగితాల మీద రాసి సంభాషించేవారు కదా, పలక ఇవ్వమని మా మరిది సలహా. ఇచ్చాము. ఎడమచేత్తో రెండు గీతలు గీసి, పలకను పక్కకు తోసి, కన్నీళ్లు పెట్టుకున్నారు. స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా మాకు తెలియలేదు: కృష్ణశాస్త్రిగారికి పోయినది గొంతు; భాష చెక్కుచెదరలేదు. మావారికి దెబ్బ తగిలినది మెదడు ఎడమభాగంలో, భాష ఉండేచోట. ఆ భాగానికీ మాటకూ ఉన్న సంబంధాన్ని పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు 1861లోనే చూపాడట. మనిషికి తెలివి ఉంటుంది, మనం అనేది చాలావరకు బోధపడుతుంది, మాట మాత్రం అందదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మెట్రో నిలిచిపోయింది, కోచింగ్ సెంటర్ల పిల్లలు ఊళ్లకు పోయారు, అమీర్‌పేట నిశ్శబ్దమైంది. థెరపిస్టు ఫోనులోనే నేర్పేవారు. మా అమ్మాయి ముందే మనవడితో వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఒక సాయంత్రం వాడు పదమూడో ఎక్కం వల్లిస్తూ పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయాడు. "యాభై రెండు" అన్నది తాతగారి గొంతు! ఆపకుండా నూటముప్పయి దాకా చెప్పారు. పరుగెత్తుకొచ్చి "నా పేరేమిటండీ?" అని అడిగాను. పెదవులు కదిలాయి, రాలేదు. కంఠస్థమైన ఎక్కాలు, పాటలు, వారాల పేర్లు తన్నుకొని వస్తాయి. కొత్తగా కూర్చవలసిన మాట రాదు. థెరపిస్టుకు ఇందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు.

ఆమె నన్నడిగిన ప్రశ్నకే నేను తెల్లబోయాను. "ప్రశ్న వేసిన తరువాత ఎంతసేపు ఆగుతున్నారు?" నేను ఆగనే లేదు. మంచినీళ్లా అని అడిగి, నేనే అవునని, నేనే తెచ్చేదానిని. ఎవరు పలకరించినా ఆయన తరఫున నేనే జవాబు. పరుగెత్తవలసిన నాడు కూర్చున్నాను, కూర్చోవలసిన నాళ్లలో పరుగెత్తుతున్నాను.

టీవీ కట్టేశాము. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. రెండు వస్తువులు చూపి ఒకటి ఎంచుకోమనాలి. అడిగిన తరువాత మనసులో పది లెక్కపెట్టాలి, ఆయన తడుముకుంటుంటే మాట అందించకూడదు. పది లెక్కపెట్టడం ఎంత కఠినమో చేసి చూడండి. మా అమ్మాయి గది వదిలి వెళ్లిపోయేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం పప్పన్నం పెట్టాను. ముద్ద నోట పెట్టుకొని, ముఖం చిట్లించి నా వైపు చూశారు. ఏమి కావాలో నాకు తెలుసు. నోరు మెదపక లెక్కపెట్టాను. పది అయింది, పదిహేను అయింది.

"ఉ... ఉప్పు" అన్నారు.

కళ్లు తుడుచుకొని లోపలికి వెళ్లాను. ఉప్పు తేలేదు లెండి, నిమ్మచెక్క తెచ్చి పిండాను. దానికి కూడా ముఖం చిట్లించారు.