లియరు రాజు: ఆంగ్లనాటకమును జదువు విధము



పరభాషాకావ్యమును జదువునపుడు కథ తెలిసినంతమాత్రమున కావ్యము తెలిసినదని యెంచరాదు. మాటను బట్టి భావమును, భావమును బట్టి పాత్రను, పాత్రను బట్టి ఫలమును గ్రహింపవలెను. గురుముఖమున పంచకావ్యములు చదివిన పిదప, ఆంగ్లసాహిత్య విద్యార్థినై షేక్స్పియరు నాటకములను జేపట్టినపుడు నాకీ పద్ధతియే తోడ్పడినది. అందులకు లియరు రాజు నాటకమును నిదర్శనముగా జూపెదను. ఇది 1606 డిసెంబరు 26వ తేదీని మొదటి జేమ్సు రాజు కొలువున ప్రదర్శింపబడెను, 1608లో అచ్చుపడెను.

కథాసంగ్రహ మిది. ఎనుబదియేండ్లు దాటిన బ్రిటను రాజు లియరు తన రాజ్యమును ముగ్గురు కూతులకు బంచదలచి, తనయెడ నెవరికెంత ప్రేమయో చెప్పుడనెను. పెద్దదగు గానరిల్లును, రెండవదగు రీగనును బొగడి భాగములు గొనిరి. కడగొట్టుబిడ్డ కార్డీలియా తాను చెప్పదగినది ఏమియు లేదనెను. తండ్రి కోపించి యామెకు భాగమీయక వెడలగొట్టెను. పిమ్మట పెద్దకూతుల యిండ్ల వంతులవారీగా నుండబోయి, నిరాదరింపబడి, గాలివానలో బయలుబడి మతిచెడెను.

బ్రదికియుండగనే ఆస్తి వ్రాసియిచ్చిన వృద్ధుని గతి యిట్టిదే యని మన గ్రామములలో ననుభవజ్ఞులు వెంటనే యందురు. ఆ నీతి నిజమే. కాని కవిహృదయ మంతటితో ముగియదు.

నాటకములోని లెక్కలను గమనింపుడు. రాజు తనకై 100 మంది పరివారమును నిలుపుకొనెను. గానరిల్లు వారిని 50కి దగ్గించెను. రీగను 25 మంది చాలుననెను. అంతట నా వృద్ధుడు పెద్దదానివైపు మరలి, 50 అనునది 25కు రెట్టింపు గనుక నీ ప్రేమయు రెట్టింపే యని లెక్కగట్టెను! ఆ సంఖ్య పదికి, అయిదుకు దిగి, తుదకు ఒక్కడైన నేల యనువఱకు వచ్చెను. మొదటి యంకమున ప్రేమను నేలతో గొలిచినవాడు రెండవ యంకమున నా కొలతకే చిక్కెను. కార్డీలియా పలికిన ‘ఏమియు లేదు’ అను మాటయే యాతనికి మిగిలిన యాస్తి యయ్యెను. గాలివానలో దిక్కులేని బీదలను జూచి, రాజుగా నుండి వీరిని దలపనైతినే యని వగచునపుడే యాతనికి కన్ను దెఱవబడినది.

కడపట కార్డీలియా మరణించును. ఆ ఘట్టమునకు గలతపడి, సంపాదకుడనై పరిష్కరింపవలసివచ్చువఱకు మరల జదువలేకపోతినని జాన్సను పండితుడు తన 1765 నాటి ముద్రణమున వ్రాసెను. 1681లో నేహం టేటు అను కవి కథను మార్చి, ఆమెను బ్రదికించి, వివాహము చేయించి, లియరునకు రాజ్యమిప్పించెను. ఆ మార్పే చిరకాలము రంగమున జెల్లెను. 1838లో మెక్రీడీ యను నటుడు మూలమును మరల దెచ్చెను.

వధను రంగమున జూపరాదని మన లాక్షణికుల మతము. అయినను భాసుని ఊరుభంగమున దుర్యోధనుడు రంగముననే ప్రాణము విడుచును. కావున మన సూత్రమొక్కటియే చేతబట్టి పరకావ్యమును దండింపరాదు. నా మతమున టేటు మార్పులోని దోషము వేఱు. కార్డీలియా ప్రేమ ప్రతిఫలము గోరలేదు. ఆమెకు తుదిని బహుమాన మిచ్చినచో, లియరు మొదట బట్టిన త్రాసునే మనమును బట్టినవారమగుదుము.

కావున మీ యింటి విద్యార్థులు ఇట్టి నాటకములు చదువునపుడు, కథలోని నీతి యేమని మాత్రమే యడుగకుడు. ఏ మాట మరల మరల వచ్చుచున్నది, అది యెవరి నోట నెట్లు మాఱుచున్నది యని యడుగుడు. మీరాంగ్లమెఱుగకున్నను ఈ ప్రశ్న వారికి దారి చూపును.