తుపాను తాగేది వేడి నీళ్లే!

మీకు తెలుసా? ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. సరిగ్గా ఏడాదికి, తేదీ కూడా తప్పకుండా! 2018లో తిత్లీ ఒక్కరోజు ముందే, 11నే పలాస వైపు వచ్చేసింది.

మీకు తెలుసా? హుద్‌హుద్ అంటే ఓ పిట్ట పేరు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుకే ఉద్దానం కొబ్బరి తోటల్ని కూల్చేసింది. పేరు చూసి మోసపోకండి!

మీకు తెలుసా? అమెరికా వాళ్ల హరికేన్, జపాన్ వాళ్ల టైఫూన్, మన తుపాను... మూడూ ఒకటే. తిండీ ఒకటే: కనీసం 26.5 డిగ్రీల నీళ్లు, సుమారు 50 మీటర్ల లోతు దాకా. అక్టోబరులో బంగాళాఖాతం 28 డిగ్రీలు దాటే ఉంటుంది. విస్తరి వేసి పిలిచినట్టే!

అన్నం గిన్నె మూత తీసి చూడండి. లోపలంతా నీటి బొట్లు. ఆవిరి నీరైనప్పుడు దాచుకున్న వేడిని వదిలేస్తుంది. ఆవిరి తగిలితే చెయ్యి చుర్రుమనేది అందుకే. తుపాను ఇంజను కూడా ఆ వేడితోనే నడుస్తుంది! గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆవిరి సుమారు 7 శాతం ఎక్కువ పట్టగలదు. ఒక్క డిగ్రీకే!

మీకు తెలుసా? భూమి మీద పేరుకుంటున్న అదనపు వేడిలో దాదాపు 90 శాతం సముద్రాలే మింగుతున్నాయి. గత నలభై ఏళ్లలో తుపానుల్లో బలమైనవాటి వాటా పెరిగింది. 2020 మేలో అంఫన్ మామూలు తుపాను నుంచి సూపర్ సైక్లోన్ కావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలు. అమ్మో!

మీకు తెలుసా? 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ నీరసించి, దేశమంతా అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో దిగింది. అక్కడ వేడి నీళ్లు తాగి లేచి, షాహీన్ అని పేరు మార్చుకుని ఒమన్‌ను కొట్టింది!

ఇక రాజాం వాళ్లకు ప్రత్యేకం. తుపాను సముద్రాన్ని చిలికితే అడుగునున్న చల్లనీళ్లు పైకొచ్చి దాని జోరు తగ్గాలి. కానీ నదులు తెచ్చిన మంచినీరు తేలికై, ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. చల్లదనాన్ని పైకి రానివ్వదు. ఆ మూతలో గంగ, మహానది, గోదావరిది పెద్ద వాటా. మన నాగావళిది? ఓ చెంబెడు!