మూలబడిన టేపురికార్డరు మళ్లీ పలకాలంటే..

గల్ఫ్ దేశాలకు వెళ్లి వచ్చిన వారి ఇళ్లలో చాలాచోట్ల అటక మీద పాత టేపురికార్డరు, దాని పక్కన నాలుగైదు క్యాసెట్టులు ఇప్పటికీ కనిపిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్ వెళ్లినవారు 1980లలో సెలవుపై వచ్చేటప్పుడు మోజుగా తెచ్చిన వస్తువుల్లో టూ ఇన్ వన్ ఒకటి. పల్లెల్లో ఫోను లేని రోజులవి. ఉత్తరం రాయడం రానివారు తమ క్షేమ సమాచారం క్యాసెట్టులో నింపి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. ఇంట్లోవారు జవాబు కూడా అలాగే నింపి పంపేవారు.

ఆ మాటలు చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. యంత్రం పోతే మరొకటి దొరుకుతుంది గాని, ఆ గొంతు మళ్లీ దొరకదు. కనుక రిపేరు మొదలుపెట్టే ముందు క్యాసెట్టుకు రక్షణ కల్పించాలి.

ముందు క్యాసెట్టు భద్రం

క్యాసెట్టు వెనుక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున రికార్డింగు మీట నొక్కినా పాత మాటలు చెరిగిపోవు. బాగుచేసిన యంత్రాన్ని ఎప్పుడూ పనికిరాని క్యాసెట్టుతోనే పరీక్షించాలి. అపురూపమైన దానిని చివరకు పెట్టాలి.

లోపల జరిగే పని

ఈ రకం క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో చూపించింది. నడుముకు తగిలించుకునే వాక్‌మన్‌ను సోనీ కంపెనీ 1979 జులైలో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. పెద్దదైనా, చిన్నదైనా పనిచేసే తీరు ఒక్కటే. మోటారు తిరిగితే రబ్బరు బెల్టు చక్రాలను తిప్పుతుంది. సన్నని ఉక్కు కడ్డీ, రబ్బరు చక్రం కలిసి టేపును సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్డు ముందు నుంచి లాగుతాయి. వేగం తగ్గితే గొంతు బొంగురుపోతుంది.

సెల్లులతో మొదలు

విప్పేముందు కరెంటు ప్లగ్గు తీసివేయాలి. సెల్లుల గది తెరిచి చూడాలి. ఏళ్ల తరబడి వదిలేసిన సెల్లులు కారి, స్ప్రింగుల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటుంది. దానిని ఒట్టి చేతులతో ముట్టరాదు. పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగులను సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. తర్వాత అన్నీ కొత్త సెల్లులే వేయాలి. కొత్తవాటితో పాతవి కలిపితే వేగం నిలకడగా ఉండదు.

శబ్దం మందగిస్తే..

మాట దూరం నుంచి వచ్చినట్లు వినిపిస్తే హెడ్డుకు మురికి పట్టిందని అర్థం. టేపు మీది గోధుమరంగు పొడి రాలి హెడ్డుకు అంటుకుంటుంది. పుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి హెడ్డును, ఉక్కు కడ్డీని తుడవాలి. ఇది ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. త్వరగా అంటుకునే ద్రవం కాబట్టి దగ్గర్లో మంట ఉండరాదు. పూర్తిగా ఆరిన తర్వాతే క్యాసెట్టు పెట్టాలి. కిరోసిన్, కొబ్బరినూనె వాడితే రబ్బరు పాడవుతుంది, టేపు జారిపోతుంది.

మోటారు తిరిగినా చక్రాలు కదలకపోతే..

చెవి ఆనిస్తే మోటారు మోత వినిపిస్తుంది, చక్రాలు మాత్రం తిరగవు. ఇది బెల్టు లోపమే కావచ్చు. పాత బెల్టు సాగిపోతుంది. ఒక్కోసారి కరిగి తారులా చక్రాలకు అంటుకుంటుంది. ఆ జిగురును ఆల్కహాల్‌తో పూర్తిగా తీసివేయాలి. బెల్టు నడిచే దారి పొడవునా దారం చుట్టి కొలత తీసుకోవాలి. కొత్త బెల్టు చుట్టుకొలత దానికంటే కాస్త తక్కువ, అంటే 100 మిల్లీమీటర్ల దారికి 95 వరకు ఉంటే బిగువుగా నడుస్తుంది. కాగితాలకు వేసే రబ్బరు బ్యాండు వేస్తే గొంతు ఊగుతుంది. త్వరలోనే తెగిపోతుంది కూడా.

టేపు చుట్టుకుపోతే..

టేపు లోపల చుట్టుకుంటే వెంటనే ఆపాలి. క్యాసెట్టును గట్టిగా లాగరాదు. టేపును వేలితో నిదానంగా విడదీసి, పెన్సిలు దూర్చి వెనక్కి చుట్టాలి. రబ్బరు చక్రానికి జిగురు పట్టినా, టేపు చుట్టుకునే చక్రం నిలిచిపోయినా ఇలా జరుగుతుంది. కాలిన వాసన వచ్చినా, కొత్త సెల్లులు వేసినా మోటారు కదలకపోయినా మెకానిక్కుకు చూపించడమే మేలు.

పలికిన రోజే కాపీ

టేపురికార్డరు పలికిన రోజే ఆ మాటలను సెల్‌ఫోనులోకి ఎక్కించాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఫోనును స్పీకరు దగ్గర పెట్టి రికార్డు చేసినా సరిపోతుంది. మరింత స్పష్టంగా రావాలంటే ఇయర్‌ఫోను రంధ్రం నుంచి వైరు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి వినిపిస్తే ఏ గొంతు ఎవరిదో, ఏ ఏడు నింపినదో చెప్పగలరు. ఆ వివరాలు క్యాసెట్టు మీద రాసిపెట్టాలి. పని పూర్తయ్యాక సెల్లులు తీసేసి, తేమ తగలనిచోట యంత్రాన్ని భద్రపరిస్తే మళ్లీ అవసరానికి పనికొస్తుంది.