ఇంజను జ్వరము – దాని నిదానము

పై తరగతి బాలుడొకడు పాత స్పోర్ట్సు కార్ల చిత్రములను చూచుచు, “అయ్యా, ఇట్టి బండిలో వేడిని జూపు ముల్లు పైగీటును దాటినచో ఇంజను చెడినట్లేనా?” అని నన్నడిగెను. ప్రశ్న మంచిది. ఒక్క మాటలో జవాబు లేదు. వైద్యుడు జ్వరమానిని జూచినంతనే మందియ్యడు. జ్వరము ఏ వేళ వచ్చుచున్నది, తోడి లక్షణములెవ్వి, అసలు జ్వరమానియే సరియైనదా యని విచారించును. ఇంజను విషయమునను అంతియే.

ఎం.జి.బి. అను బండిని ఉదాహరణముగా గైకొందము. ఇది ఇంగ్లండులోని అబింగ్డను పట్టణమున 1962 మొదలు 1980 వఱకు అయిదు లక్షలకు పైగా తయారైనది. నేటికిని అనేకులు దీనిని ప్రీతితో నడుపుచున్నారు. దీని ఇంజను 1798 ఘన సెంటీమీటర్ల పరిమాణము, నాలుగు సిలిండర్లు గలది. దిమ్మెయు, దానిపై హెడ్డును పోతయినుముతో చేయబడినవి.

పెట్రోలు మండగా బుట్టిన వేడిలో కొంతభాగమే బండిని నడుపును. తక్కినది పొగగొట్టము గుండను, నీటి గుండను వెలికి బోవలెను. పంపు నీటిని ఇంజనులో త్రిప్పును. రేడియేటరు దానిని చల్లార్చును. థర్మోస్టాటు సుమారు 82 డిగ్రీల సెంటిగ్రేడువద్ద తెఱచుకొని దారి యిచ్చును. రేడియేటరు మూత వంటయింటి ప్రెషరు కుక్కరు మూత వంటిది. నీరు మామూలుగా 100 డిగ్రీలకు కాగును గదా; చదరపు అంగుళమునకు 10 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత యున్నచో సుమారు 115 డిగ్రీల వఱకు కాగదు. కావున మూతలోని రబ్బరు పాడైనయెడల, తక్కినవన్నియు సరిగా నున్నను నీరు ముందుగానే మరిగి పొర్లిపోవును. తక్కువ వెలగల యీ వస్తువును పలువురు చివరకు గాని పరీక్షింపరు!

ముల్లు పైకి బోయినప్పుడు మొదటి పని బండిని ప్రక్కకు దీసి నిలుపుట. నిలుపుటకు చోటు దొరకునంతవఱకు లోపలి హీటరును పూర్తిగా తెఱచినచో అది రెండవ రేడియేటరువలె కొంత వేడిని లాగివేయును. వేడిగా నున్నప్పుడు మూతను ఎన్నడును విప్పరాదు. ఒత్తిడి తొలగిన మఱుక్షణమే లోని నీరు ఆవిరియై ముఖముమీదికి జిమ్మును. కన్నులు పోవుట కది చాలును. చన్నీరు పోయుటయు ప్రమాదమే. కాగిన పోతయినుము పగులవచ్చును.

చల్లారిన పిదప, వేడి నిజమా, ముల్లు అబద్ధమాడుచున్నదా యని తేల్చవలెను. తొలి బండ్లలో ఈథరు నింపిన సన్నని గొట్టము ఇంజనునుండి గేజివఱకు బోవును. ఆ గొట్టము చిట్లినచో ముల్లు చల్లని వైపుననే పడియుండును. పిదప వచ్చిన బండ్లలో విద్యుత్తు గేజి గలదు. దాని తీగను ఇంజనువద్ద ఊడదీసినచో ముల్లు క్రిందికి రావలెను. రాకున్నచో తీగ నడుమ నెచ్చటనో ఇనుమునకు తగులుచున్నదని గ్రహింపవలెను. కొన్ని బండ్లలో పెట్రోలు గేజికిని, వేడి గేజికిని ఒక్కటే వోల్టేజి స్థిరకారి సుమారు 10 వోల్టుల విద్యుత్తు నిచ్చును. రెండు ముండ్లును ఒక్కసారిగా పైకి బోయినచో తప్పు దానిదే కావచ్చును. నేడు దూరమునుండియే వేడిని గొలుచు పరారుణ ఉష్ణమాపకములు దొరకుచున్నవి. వానితో థర్మోస్టాటు గూటివద్ద గొలిచి పోల్చుట సులువు.

ఇచ్చట నొక మోసము గలదు. ముల్లు పైకి బోయి, హఠాత్తుగా చల్లని వైపునకు పడినచో సంతోషింపరాదు. నీరంతయు కారిపోయి, వేడిని గ్రహించు మొన గాలిలో నిలిచియుండవచ్చును. అప్పుడు ఇంజను మునుపటికంటె ఎక్కువగా కాలుచుండగా ముల్లు మాత్రము శాంతిని ప్రకటించుచుండును. ఎన్నో ఇంజనులు ఇట్లే పాడైనవి.

వేడి నిజమైనచో అది ఎప్పుడు కలుగుచున్నదో కనిపెట్టుడు. నిలిచి నిలిచి పోవునప్పుడు మాత్రమే కలిగినచో గాలి చాలదని యర్థము: పంకాను, బెల్టును చూడవలెను. వేగముగా బోవునప్పుడు కలిగినచో నీటి ప్రవాహము చాలదని తలంపవచ్చును: రేడియేటరు లోపల పూడియుండును, లేదా క్రింది గొట్టము పంపు లాగుటచే చప్పిడియై మూసికొనుచుండును. నిప్పురవ్వ ఆలస్యముగా పడుటయు వేడిని పెంచును. థర్మోస్టాటును గిన్నెడు నీటిలో వ్రేలాడదీసి, పొయ్యిమీద కాచుచు, ఎన్ని డిగ్రీలకు తెఱచుకొనునో చూడవచ్చును. మన ప్రయోగశాలలోనే చేయదగిన పరీక్ష యిది. కొందఱు దానిని తీసిపారవేసి బాగైనదని తలంతురు. నా యభిప్రాయమున అది జ్వరమానిని దాచుట వంటిది.

పాత ఇంజనులలో త్రుప్పుబురద దిమ్మె వెనుకభాగమున పేరుకొనును. దిమ్మె ప్రక్కనున్న కుళాయిని విప్పినను నీరు రాకున్నచో తీగతో పొడిచి, పలుమాఱులు కడుగవలెను.

అన్నిటికంటె భయపడవలసినది హెడ్డు గాస్కెటు కాలుట. ఎచ్చటను కారకయే నీరు తగ్గుట, ఇంజను నడుచునప్పుడు రేడియేటరులో ఎడతెగక బుడగలు వచ్చుట, నూనె పాలవలె తెల్లబడుట దీని గుర్తులు. ఈ గుర్తులు కనబడినచో బండిని మఱి నడుపక హెడ్డును విప్పింపవలెను. ఆలసించిన కొలదియు హెడ్డు వంకరపోవును.

ఏ మరమ్మతైన తరువాతను, హీటరు కుళాయిని తెఱచియుంచి, నీటిని మెల్లగా నింపవలెను. లేనిచో గాలి లోపల చిక్కుకొనును. కొంతసేపు నడిపి, రాత్రి చల్లారనిచ్చి, మఱునాటి యుదయమున మట్టము చూచినచో కొంత తగ్గియుండవచ్చును. దానిని నింపిన పిదపనే బండిని దూరప్రయాణమునకు దీయవలెను.