కమ్మరి కొలిమిలో పుట్టిన మడత చాకు.. అంటు కట్టే చేతికి అక్కరకొచ్చే పనిముట్టు



మామిడి అంటు కట్టాలన్నా, జామ కొమ్మ తీయాలన్నా, సుతిలి తాడు కోయాలన్నా జేబులో మడత చాకు ఉండాల్సిందే. పోయిన వానాకాలం నేను ఫోటో చూసి ఆన్‌లైన్‌లో ఒక చాకు తెప్పించుకున్నా. ఫోటోలో తళతళ మెరిసింది. పది పుల్లలు చెక్కేసరికి మొద్దుబారింది. పుల్ల తెగకుండా నలిగింది. నలిగిన చోట బెరడు కింది పచ్చటి పొర అతుక్కోదు. నేను కట్టిన అంట్లలో సగానికి పైగా ఎండిపోయాయి.

అప్పుడు పటాన్‌చెరు దగ్గర కొలిమి నడిపే ఒక కమ్మరి అన్న దగ్గరికి పోయినం. ఆయన చాకు చేసిన తీరంతా వీడియోలో ఉంది. ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

లారీ కమాన్ పట్టీయే ముడిసరుకు

ముంబయి రోడ్డు పొడుగునా లారీలే. తుక్కు దుకాణాల్లో పాత కమాన్ పట్టీలకు కొదవ లేదు. గట్టిదనం, సాగే గుణం రెండూ ఉన్న ఉక్కు అది. అయితే పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్లుంటాయి. అందుకే అన్న ముందు కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లుతాడు. పగులుంటే అక్కడ తడి గీత తేలుతుంది. ఆ ముక్క పక్కన పడేస్తాడు.

మంచి ముక్కను ఎర్రగా కాల్చి బూడిదలో మెల్లగా చల్లారనిస్తాడు. అప్పుడు మెత్తబడి ఆకురాయికి, డ్రిల్లుకు లొంగుతుంది.

ఒకే ఉక్కు, రెండు గుణాలు

మడత చాకులో అలుగు ఒకటి, దాన్ని వెనుక నుంచి నొక్కిపట్టే పట్టీ ఇంకొకటి. రెండూ ఒకే కమాన్ ముక్కలోంచి వస్తాయి. అయస్కాంతం అతుక్కోనంత ఎర్రగా కాల్చి, ఇంకొంచెం వేడెక్కనిచ్చి నూనెలో ముంచుతాడు. నీళ్లలో ముంచితే పలుచటి అలుగు పగలొచ్చు. తర్వాత మెరిసేలా రుద్ది మళ్లీ సన్నని సెగ పెడతాడు. అలుగు ఎండుగడ్డి రంగుకు రాగానే ఆపేస్తాడు. వెనుక పట్టీని నీలం రంగు తిరిగేదాకా ఉంచుతాడు.

"గట్టిగైతే విరుగుతది, మెత్తగైతే వంగుతది తమ్మీ. రంగు చూసి ఆపుడే పని" అన్నాడు.

పిడికి తుమ్మకర్ర, కీలుకు ఇత్తడి రివిట్టు. అంటు కట్టే చాకు కాబట్టి పదును ఒకవైపే పెట్టాడు. రెండోవైపు చదునుగా ఉంటే కోత కూడా చదునుగా వస్తుంది. ఒక జాగ్రత్త: ఈ రకం చాకుకు లాకు ఉండదు. మొనతో పొడవొద్దు, మడత వేళ్ల మీద పడుతుంది.

ఫోటో ఎట్లా తీయాలి?

అన్న చాకు ఫోటోల్లో మాత్రం ఇనుప ముక్కలాగే కనబడేది. మెరిసే అలుగు అద్దం లాంటిది. తీసేవాళ్ల చొక్కా, ఫోన్ అన్నీ అందులో కనబడతాయి. మేం పొద్దున పూట చెట్టు నీడలో, పైన తెల్ల పంచె కట్టి తీసినం. మూడు ఫోటోలు చాలు:

1. తెరిచిన చాకు, పక్కన స్కేలు.
2. మూసిన చాకు, వెలుతురుకు ఎదురుగా. పిడికీ వెనుక పట్టీకీ మధ్య వెలుతురు కారితే పొందిక కుదరలేదన్నట్టు.
3. పదును అంచు, వెలుతురు వైపు తిప్పి. అంచు మీద తెల్ల గీత మెరిస్తే అక్కడ మొద్దుబారినట్టే. మంచి పదును వెలుతురును తిప్పికొట్టదు.

ఆన్‌లైన్‌లో నేను చూసిన ఫోటోలో ఈ మూడూ లేవు. మెరుపు ఒక్కటే ఉంది.

కొలిమి ఆరిపోకుండా

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అక్కడి తయారీని చూసిన హెన్రీ వాయ్సీ వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ మూసల పని ఆగిపోయింది. నాగళ్లు తగ్గాక కర్రు సాగదీసే పనీ కమ్మరికి తగ్గింది. మా అన్న కొడుకు ఇప్పుడు ఫ్యాక్టరీకి పోతున్నాడు.

విత్తనం మనదే కావాలంటాం, ఎరువు మనదే కావాలంటాం. పనిముట్టు కూడా అంతే. కీలు వదులైతే మళ్లీ బిగించే మనిషి ఊరి దగ్గరే ఉండాలి. మీ దగ్గర కొలిమి వెలుగుతుంటే ఒక చాకు చేయించుకోండి. పై మూడు ఫోటోలు తీసి మీ రైతు గ్రూపుల్లో పెట్టండి. ఆయనకు ఇంకో నాలుగు ఆర్డర్లు వస్తాయి.