పందెం ముగిసినా ఆగని గుండెదడ

పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం చేతికందే ముందు మీ గుండె దడదడ కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం గమనించారా? పరుగుపందెంలో గీత దగ్గర నిలబడ్డ ఆటగాడికీ అంతే. మెదడులోని హైపోథాలమస్ అపాయ సంకేతం పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది. కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ అనే మరో హార్మోను తోడై రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఇది జబ్బు కాదు. శరీరం చేసుకునే సన్నాహం. పందెం ముగిశాక అంతా క్రమంగా సద్దుమణుగుతుంది.

మరి, అపాయం పందెంతో ముగిసిపోకపోతే?

1968లో అమెరికాలో జరిగిన సంగతి చూడండి. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యాడు. వందకు పైగా నగరాలు అల్లర్లతో అట్టుడికాయి. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ కళాశాలకు చెందిన టామీ స్మిత్, జాన్ కార్లోస్, లీ ఇవాన్స్ అనే నల్లజాతి యువకులు మెక్సికో ఒలింపిక్స్‌కు తయారవుతున్నారు.

అక్టోబరు 16న స్మిత్ 200 మీటర్ల దూరాన్ని 19.83 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. కార్లోస్ మూడవవాడుగా వచ్చాడు. పతకాలు అందుకున్న వేదికపైనే, తమ జాతిపై సాగుతున్న వివక్షకు నిరసనగా ఇద్దరూ పిడికిళ్లెత్తారు. రెండు రోజులకు వారిని జట్టునుంచి తొలగించారు. చంపుతామన్న బెదిరింపులూ వారికి తప్పలేదు.

వారిని తొలగించిన అక్టోబరు 18నే ఇవాన్స్ 400 మీటర్ల ఫైనల్ పందెం. మిత్రులకు జరిగినది చూసి అతడు కుంగిపోయాడు, పరుగెత్తనే వద్దనుకున్నాడు. పరుగెత్తి గెలవమని ధైర్యం చెప్పినది కార్లోసే! ఇవాన్స్ 43.86 సెకన్లలో గెలిచాడు. ఆ రికార్డు 1988 దాకా నిలిచింది.

ఇది చదివి, మనసు గట్టిదైతే చాలుననుకోకండి. ఒక్క పందెం గెలిచినంత మాత్రాన భయం పోదు. అది వారాలు, నెలలు సాగితే హార్మోనుల క్రమం తప్పుతుంది. నిద్ర చెడుతుంది. అలసిన కండరాలు త్వరగా తేరుకోవు. ఏకాగ్రత తగ్గి గాయాలయ్యే అవకాశం పెరుగుతుంది. చూసేవారు మాత్రం "బద్ధకం" అనేస్తారు!

మీ బడి జట్టులో ఎవరైనా నిద్ర పట్టక, ఆటపై ఆసక్తి పోయి కనిపిస్తే పిరికివాడని ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని చెప్పేది వినండి. కాలు బెణికితే వైద్యుని దగ్గరకు వెళ్తాం కదా! మనసు నలిగినప్పుడూ అంతే. పెద్దలకు, ఉపాధ్యాయునికి, వైద్యునికి చెప్పుకోవాలి. ఆనాడు ఇవాన్స్‌కు కార్లోస్ తోడు నిలిచాడు. మీ స్నేహితునికి మీరు నిలవండి.