కొల్లేటి గాలిలో పాత కారు

ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో ఏ పెంకుటింటి పక్క పాకలోనైనా, గోనెపట్టాలు కప్పుకుని నిద్రపోతున్న అంబాసిడర్ కారును మీరు చూసే వుంటారు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీనిని 1950ల చివర తయారు చేయడం ప్రారంభించారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. పాకలో మిగిలిన అలాంటి కారును ఇంటి దగ్గరే, కొద్దిపాటి డబ్బుతో మళ్ళీ రోడ్డెక్కించవచ్చునా?

ఎక్కించవచ్చు. అయితే ఆ కొద్ది డబ్బును ముందు దేనికి ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది రంగుతో మొదలుపెడతారు. రంగు ఆఖరున రావాలి. ఎందుకో చూద్దాం.

తుప్పు ఎలా పడుతుంది?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో వున్నది కొల్లేరు. ఉప్పుటేరు దానిని సముద్రంతో కలుపుతుంది. వేసవిలో సరస్సు నీటిమట్టం తగ్గినప్పుడు ఆ ఉప్పుటేటి గుండానే ఉప్పునీరు ఎగువకు వస్తుంది. చుట్టూ చెరువులు, వరి చేలు. గాలిలో ఎప్పుడూ తేమే. చేపలూ రొయ్యలూ తీసుకుపోయే లారీల నుంచి కారే నీరు రోడ్డు మీద పడి, చక్రాలతో ఎగిరి కారు అడుగుకు అంటుకుంటుంది.

ఇనుము తడిసినప్పుడు దాని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఫలితమే తుప్పు. నీటిలో ఉప్పు వుంటే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక ఈ పని మరింత వేగంగా జరుగుతుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది పొరలు పొరలుగా పొంగి, పైనున్న రంగును లేపేస్తుంది.

ఈ ప్రయోగం చేసి చూడండి. మూడు ఇనుప మేకులను గరుకు కాగితంతో రుద్ది మెరిసేట్లు చేయండి. ఒకదానిని మంచినీళ్ళున్న గ్లాసులో, రెండవదానిని ఉప్పునీటిలో సగం మునిగేట్లు పెట్టండి. మూడవ మేకుకు జింకు పూత వున్న తీగను బిగించి చుట్టి, దానినీ ఉప్పునీటిలోనే పెట్టండి. నాలుగు రోజులు చూడండి. మూడవ మేకుకు బదులు జింకే కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కారు అడుగున జింకు కలిసిన ప్రైమరు వేయడంలో వున్న కిటుకు ఇదే.

పీతకు ఎముకలుండవు

లారీకి అడుగున బలమైన చట్రం వుంటుంది. అది వెన్నెముక వంటిది. అంబాసిడర్‌కు అలాంటి విడి చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింది బోలు పెట్టెలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన డొల్లే బరువును మోస్తుంది. కొల్లేటి పీతకు లోపల ఎముకలు లేకుండా పైపెంకే ఆధారమైనట్టు! కనుక తలుపుల కింద తుప్పు పట్టడం అందానికి సంబంధించిన లోపం కాదు. కారు ఎముకే విరగబోతున్నదన్న మాట. అలాంటి చోట లప్పం పెట్టి రంగు వేస్తే, బలహీనతను దాచిపెట్టినట్టే.

దీనిని కనిపెట్టడానికి ఒక చిన్న అయస్కాంతం చాలు. మంచి రేకుకు గట్టిగా అంటుకుంటుంది. మందంగా లప్పం వున్నచోట జారిపోతుంది.

పైపైన తుప్పును తీగ బ్రష్షుతో గీకాలి. అమ్మమ్మ చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్లే, ఇక్కడా ఆమ్లం పనికి వస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం వున్న మందు మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. కన్నాలు పడిన రేకును మాత్రం కోసివేసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. అది చేయి తిరిగిన పనివాడు చేయవలసినది. డబ్బు ముందుగా ఖర్చు పెట్టవలసినదీ ఇక్కడే.

నడవడానికి ముందు ఆగడం

తరువాతి వంతు బ్రేకులది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా వున్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకుండా వుండాలి. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. వేడెక్కిన బ్రేకులలో అది ఆవిరైతే, తొక్కిన పెడలు మెత్తగా లోపలికి పోతుందే గాని కారు ఆగదు. అదీగాక చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టపు వ్యవస్థ. ఒక్కచోట కారినా అన్ని బ్రేకులూ పోతాయి. రెండు విభాగాల మాస్టర్ సిలిండర్ అమర్చుకుంటే సగం బ్రేకులైనా మిగులుతాయి. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు. ఆ దుమ్మును ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. ఉత్త జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరరాదు.

ఏది మార్చాలి, ఏది వుంచాలి?

ఆ రోజుల పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వులు కూర్చునే చోట్లు అరిగిపోకుండా కాపాడేది. సీసం ఆరోగ్యానికి హాని చేస్తుంది గనుక 2000లో దేశమంతటా ఆ పెట్రోలును నిలిపివేశారు. కాబట్టి ఇంజను విప్పినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించడం మేలు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి పాడుచేస్తుంది; నీటినీ పీల్చుకుంటుంది. దానికి తట్టుకునే గొట్టాలు వేసి, కార్బురేటరును తిరిగి సరిచేయించాలి. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ముందు సీట్లకు బెల్టులు: ఇవి తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పులు. ఏలూరు నుంచి 60 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే పాత విడిభాగాలు చవకగా దొరకవచ్చు.

చట్టం మాట మరువరాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఇంజను వంటి పెద్ద మార్పులకు రవాణా శాఖ అనుమతి కావాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కార్లను ప్రత్యేకంగా ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేస్తారు. వాటిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. అంటే, ప్రదర్శనకా, ప్రయాణానికా అన్నది పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

ఇక వరుస చూడండి: ముందు డొల్ల, తరువాత బ్రేకులు, ఆపైన ఇంజను, వైర్లు; చివరికి రంగు. మీ వీధిలో పాత కారు వుంటే, యజమాని అనుమతి అడిగి, అయస్కాంతం పట్టుకుని వెళ్ళండి. మెరిసే రంగు కింద ఎంత ఇనుము మిగిలి వుందో అది చెబుతుంది.